పదమూడో పేరు

గడ్డం గీసుకుంటూనే కోచ్ మనసులో పేర్లు లెక్కపెట్టాడు. పదమూడు. మళ్ళీ లెక్కపెట్టినా పదమూడే. టోర్నీకి వెళ్ళే పన్నెండు పేర్లు సాయంత్రం ఐదింటికల్లా రగ్బీ సంఘానికి పంపాలి.

"ఒక చెంప వదిలేశారు, చూసుకోండి," అంది భార్య గుమ్మంలోంచి. "నాలుగు కప్పులు గెలిచిన మనిషికి ఇంకా ఈ గాభరా ఏమిటో!"

యాభై ఆరేళ్ళ బక్కపలుచని మనిషి. మెడ మీద విజిల్ తాడు ఒరిసిన నల్లటి చార. తను ఆడే రోజుల్లో ఎప్పుడూ బెంచీ మీదే. మైదానంలో గడిపింది మొత్తం పదకొండు నిమిషాలు. తర్వాత బడిలో డ్రిల్లు మాస్టారు. ఏడుగురు ఆడే రగ్బీకి ఆడపిల్లల జట్టు కడతానంటే ఎవరూ వద్దనలేదు, ఎవరూ పట్టించుకోనూ లేదు. కప్పులొచ్చాక తీసిన ఫోటోలన్నిటిలోనూ ఆయన చివర, సగం భుజం తెగిపోయి ఉంటాడు.

మొదటి కప్పు తెచ్చిన పిల్ల ఆ రోజు వాచిన మోకాలితో ఆడింది. "ఆడగలవా?" అంటే "ఆడతాను సార్" అంది. అంతకు మించి ఆయన అడగలేదు. ఇప్పుడామె మెట్లు కూర్చుని ఒక్కొక్కటే ఎక్కుతుంది. ఒకసారి వాళ్ళింటికెళ్ళి అది చూసి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చేశాడు. అప్పటినుంచీ జాబితా రాసే రోజున ఆయనకు ముద్ద దిగదు.

ఆ ఉదయం మైదానంలో కెప్టెన్ బంతి పట్టుకుని పరుగెత్తింది. ఎనిమిదేళ్ళుగా ఆయన దగ్గరే ఆడుతోంది; జట్టంతా ఆమెను అక్క అనే పిలుస్తుంది. ఎదురొచ్చిన పిల్లను తప్పించుకుని కుడికి తిరిగింది. మళ్ళీ కుడికే.

"ఎడమకి!" అని అరిచాడు.

మూడోసారి ఎడమకి తిరిగింది. నవ్వుతూనే ఉంది కానీ ముఖంలో రక్తం లేదు. ఆయన చూపు ఆమె మోకాలి మీదికి వెళ్ళింది.

మధ్యాహ్నం సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. "కెప్టెన్ ఉంటే చాలండీ, మిగతా వాళ్ళు మీ ఇష్టం." "ఐదింటికి పంపుతాను," అని ఫోను పెట్టేశాడు.

నాలుగున్నరకు బట్టలు మార్చుకునే గదిలో ఆమె ఒక్కతే ఉంది. ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచి?"

"ఏది సార్?"

"మోకాలు."

ఆమె తల దించుకుంది. "రెండు నెలలు. ఈ ఒక్క టోర్నీ సార్. ఆటకి పద్నాలుగు నిమిషాలేగా, ఓర్చుకుంటాను."

"నీ పేరు రాయడం లేదమ్మా."

"నేను లేకుండా గెలుస్తారా?"

"ఓడిపోతామేమో."

"మరెందుకు సార్?"

"ఒక పిల్ల ఇలాగే ఆడతానంటే ఆడించాను. ఆ అమ్మాయి ఇప్పుడు నిలబడి మెట్లెక్కలేదు." తలుపు వదిలి లోపలికి వచ్చాడు. "నీకింకా ఇరవై ఏడేగా."

 ఆమె సంచీ సర్దుకుని లేచింది.

"నా బదులు ఆడే చిన్నదానికి చెప్పండి, కిక్ కొట్టేముందు తొందరపడొద్దని."

మెట్ల మీద ఆమె అడుగులు విన్నాడు. ఒకటి, కాస్త ఆగి మరొకటి. చప్పుడు ఆగిపోయాక పన్నెండు పేర్లూ పంపేశాడు. నిమిషంలో ఫోను మోగడం మొదలైంది. ఎత్తలేదు.

బెంచీ చివర, మూత వేయని ప్లాస్టిక్ డబ్బాలో, ఆమె పళ్ళకు తొడుక్కునే రబ్బరు గార్డు ఇంకా తడిగా ఉంది, గట్టిగా కొరికిన గాట్లతో.