డబ్బా మీద అక్షరం

యాలకుల బన్నును కాటా మీద పెట్టి తూస్తున్నాను, మా సెల్మాకు ఎంత ఇన్సులిన్ వెయ్యాలో లెక్క చూసుకోవాలి కదా, సరిగ్గా అప్పుడే అత్తయ్య నన్ను పేరు పెట్టి అడిగింది: "ఉత్తరం వచ్చిందటగా, తుయిరె? ఏ డబ్బానో చదువు, వింటాం."

ఆ ఉత్తరం కోసం తొమ్మిదేళ్లు ఆగాను. సెల్మా పుట్టిన ఆరు వారాలకే నా పాలు ఆగిపోయాయి. అప్పుడు చక్కెర జబ్బు మీద పరిశోధన చేసేవాళ్లు పాలడబ్బాలు ఇచ్చారు. కొన్నిటిలో మామూలు ఆవుపాల పొడి, కొన్నిటిలో అందులోని మాంసకృత్తుల్ని ముందే ముక్కలుగా విడగొట్టిన పొడి. ఏది ఎవరికో పరిశోధన ముగిసేదాకా చెప్పరు, డబ్బా మీద ఒక్క అక్షరం ఉంటుంది, అంతే. రెండోది తాగితే చక్కెర జబ్బు రాదేమోనని వాళ్ల ఆశ. నాలుగో ఏట సెల్మాకు వచ్చేసింది. అప్పటినుంచీ, నా చేత్తోనే కలిపాను కదా, నా చేత్తోనే పట్టాను కదా అనుకుంటూ ఈ తాంపెరె ఊళ్లో, ఈ ఇంట్లో ఒక్కదాన్నే తిరిగాను, ఎవరితో చెప్పను? మా ఆయన యార్కోతో చెబితే "నువ్వింకొంచెం ఓపికపట్టి నీ పాలే ఇచ్చుంటే..." అని ఆపేసేవాడు. ఆపేసిన మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది.

చదివాను. మాకొచ్చింది మామూలు పొడే. కింద ఇంకో వాక్యం: రెండు రకాలు తాగిన పిల్లల్లోనూ జబ్బు ఒకేలా వచ్చింది, తేడా లేదు.

తేడా లేదు! నాకు గట్టిగా ఏడవాలనిపించింది.

"అయితే డబ్బా కాదన్నమాట," అత్తయ్య కాఫీ ఊదుకుంటూ అంది. "నీ పాలు ఆగిపోవడమే. నేనప్పుడే అనుకున్నా."

"అబ్బా, వదిలెయ్యమ్మా," అన్నాడు యార్కో, చొక్కా పైకెత్తి పొట్టలో తన ఇన్సులిన్ సూది పొడుచుకుంటూ. ఏడేళ్ల వయసు నుంచీ పొడుచుకుంటున్నాడు. తండ్రికి ఈ జబ్బు ఉంది కాబట్టే మా పాపను ఆ పరిశోధనలో చేర్చుకున్నారు. ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ అనరు. అతను బాధపడతాడని నేనూ అనలేదు.

ఇవాళ అడిగాను. గుచ్చాలనే అడిగాను.

"మరి ఈయనకు మీరేం పట్టారత్తయ్యా?"

ఆవిడ కప్పు కింద పెట్టింది.

"నా పాలే. పద్నాలుగు నెలలు. అయినా మా అత్త అంది, నా పాలల్లోనే ఏదో ఉందని."

యార్కో చొక్కా దించడం మరిచిపోయి తల్లినే చూస్తున్నాడు. ఈ సంగతి అతనికీ తెలియదు.

"అది అబద్ధం అత్తయ్యా," అన్నాను.

నాతో ఎవరైనా అంటారేమోనని ఐదేళ్లు ఎదురుచూసిన మాట అది. నా నోటితోనే, ఆవిడతో అన్నాను.