పంక్చర్ సొల్యూషన్‌తో అతికిన నక్షత్రం

పండగ సెలవులిచ్చారంటే దర్జీ పిన్ని కుట్టుమిషన్ మూలకి జరుగుతుంది. మిషన్ ఉన్నచోట చాప పడుతుంది, చాప మీద వీధిలో పిల్లలంతా పడతారు. ఏడాదంతా దాచిన గుడ్డ పీలికలు, పాత క్యాలెండర్లు, మిఠాయి డబ్బాల తళుకు కాగితాలు కుప్ప పోస్తుంది పిన్ని. మధ్యలో గిన్నెడు మైదా జిగురు, ఇంకా పొగలు కక్కుతూ.

జిగురు తడిగా ఉన్నప్పుడు ఎవర్ని తల్చుకుంటే వస్తువు వాళ్ళ దగ్గరికే పోతుంది. అందుకే పిన్ని గోడ నుంచి గోడకి తీగ కట్టి, చేసినవన్నీ బట్టల క్లిప్పులతో బిగించేస్తుంది. లేకపోతే పండగ దాకా ఆగవు, కిటికీలోంచి జారుకుంటాయి. నిరుడు రొట్టెల కొట్టువాళ్ళ అబ్బాయి అమ్మ కోసం విసనకర్ర చేస్తూ లెక్కల టీచర్ని తల్చుకున్నాడు. అది పండగ పూటా తిన్నగా ఆవిడింటికి పోయి విసురుతూ కూర్చుంది.

"టీచరంటే అంత ప్రేమేంట్రా?" అని ఇప్పటికీ ఏడిపిస్తారు.

"ప్రేమ కాదు, భయం," అంటాడు వాడు.

ఈసారి చిట్టెలుక కాగితం పువ్వు చేస్తోంది. అసలు పేరుకి బడిలోనే పలుకుతుంది, వీధిలో చిట్టెలుకే. వాళ్ళమ్మ పోయినప్పట్నుంచీ మావయ్య దగ్గరే ఉంటోంది. సందు చివర సైకిల్ రిపేరు కొట్టు, దాని వెనక ఒక గది, అదే ఇల్లు. పండగ రోజున పెద్దమ్మ వచ్చి తనతో తీసుకుపోతుంది. రమ్మని కబురు పెట్టింది మావయ్యే. ఎదిగే పిల్లకి ఆడదిక్కు ఉండాలట.

"పువ్వు ఎవరికే?" అంది పిన్ని.

"పెద్దమ్మకి."

"మరి మీ మావయ్యకి?"

"చెయ్యను." చిట్టెలుక రేకు అతికించి గట్టిగా నొక్కింది. "ఆయన్ని తల్చుకుంటే ఇంక వెళ్ళబుద్ధి కాదు. మాట్లాడించకు పిన్నీ, మనసు చెదిరిపోతుంది."

పిన్ని ఇంకో రేకు కత్తిరించి అందించింది.

సాయంత్రం పిల్లని తీసుకెళ్ళడానికి మావయ్య వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, చేతులకి గ్రీజు.

"లోపలికి రావయ్యా. అంత దూరం నుంచి మీ అక్క వస్తోంది, ఆవిడ చేతిలో ఏదో ఒకటి పెట్టొద్దూ?"

"నాకేం వచ్చు వదినా ఇవన్నీ?"

"పిల్లలకి వచ్చింది నీకు రాదా? కూర్చో."

కూర్చున్నాడు. లేచి కొట్టుకెళ్ళి సైకిల్ చక్రం పుల్లలు తెచ్చుకుని మళ్ళీ కూర్చున్నాడు. పుల్లలు వంచి నక్షత్రం కట్టి, తళుకు కాగితం కత్తిరించాడు. మైదా జిగురు వేలికి అంటించుకుని, ఇదేం అతుకుతుంది అన్నట్టు మొహం పెట్టి, జేబులోంచి పంక్చర్ సొల్యూషన్ ట్యూబు తీశాడు. పిల్లలు ముక్కులు మూసుకున్నారు.

సొల్యూషన్ పద్ధతి వేరు. రెండు వైపులా పూయాలి, ఊదాలి, ఆరనివ్వాలి, అప్పుడు నొక్కాలి. తొందరపడితే ఊడొస్తుంది. ఆయన ఒక్కో మూలకీ పూసి, ఊది, ఆగాడు. ఆగినంతసేపూ మైదా జిగురుతో చేతులన్నీ తెల్లగా అయిన మేనకోడల్ని చూస్తూ కూర్చున్నాడు.

"అక్కనే తల్చుకుంటున్నావా?" అంది పిన్ని.

"ఆ, ఆ. అక్కనే."

పండగ పొద్దున పెద్దమ్మ దిగింది. చెమటలు కక్కుతూ, పిల్లకి కొత్త గౌను పట్టుకుని. మంచి మనిషి. రాగానే చిట్టెలుక గోళ్ళు తీసి, చెవులు తుడిచి, తమ్ముణ్ణి చిక్కిపోయావని తిట్టింది. అందరూ పిన్ని గదికి చేరాక క్లిప్పులు ఊడదీశారు. తోరణాలూ బొమ్మలూ కిటికీలోంచి, తలుపులోంచి, ఎవరి దారిన అవి పోయాయి. చిట్టెలుక పువ్వు గిరగిరా తిరిగి పెద్దమ్మ ముడిలో కూర్చుంది. పెద్దమ్మ తడిమి చూసుకుని, పిల్లని దగ్గరికి లాక్కుంది.

నక్షత్రం మాత్రం కదల్లేదు. క్లిప్పు తీసినా, కింద నిలబడ్డ చిట్టెలుక నెత్తి మీద చడీచప్పుడు లేకుండా వేలాడింది.

"నాకు చేతకాదని ముందే చెప్పాను," అన్నాడు మావయ్య.

"పోన్లేరా, బరువెక్కువైంది," అంది పెద్దమ్మ.

మధ్యాహ్నం బస్సు ఎక్కించాడు. కిటికీ దగ్గర నిలబడి, "తల బయట పెట్టకు," అన్నాడు. ఇంకేమన్నా అంటాడేమోనని చిట్టెలుక చూసింది. ఆయన వంగి బస్సు టైరు నొక్కి చూసి, గాలి సరిపోయిందన్నాడు. బస్సు కదిలింది.

ఊరు దాటకముందే డ్రైవరు బ్రేకు వేశాడు. ముందు అద్దానికి నక్షత్రం అంటుకుని ఉంది. కండక్టరు దిగి లాగాడు. రాలేదు. డ్రైవరూ దిగి లాగాడు.

"సొల్యూషన్‌తో అతికించారండీ," అన్నాడు చెయ్యి వాసన చూసుకుని. "ఎవరిదమ్మా ఇది? వచ్చి తీసుకోండి. దారి కనబడట్లేదు నాకు."

అప్పటికే పెద్దమ్మ దిగింది. తన పేరున చేసిందే కదా. రెండు చేతులా పట్టుకుని లాగింది. అది ఆవిడ మొహం కూడా చూడలేదు. చిట్టెలుక మెట్టు దిగి పక్కన నిలబడగానే, అద్దం వదిలేసి పిల్ల వీపుకి అతుక్కుంది.

పెద్దమ్మ నక్షత్రాన్ని చూసింది. మూలమూలకీ నల్లటి బొటనవేలి ముద్ర.

"పొద్దున కూడా నువ్వు దీని కిందే నిలబడ్డావు కదే," అంది మెల్లగా. "తల్చుకున్న మనిషి కిందే ఉంటే ఇంకెక్కడికి పోతుంది."

చిట్టెలుక తల దించుకుంది. "నేను చెయ్యలేదు పెద్దమ్మా. ఒట్టు."

"నువ్వన్నానా?"

"ఎక్కుతున్నారా లేదా?" అన్నాడు కండక్టరు.

"ఆ బ్యాగు కాస్త దింపి పెట్టు బాబూ," అంది పెద్దమ్మ.

కొట్టు ముందు మావయ్య సైకిల్ ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. ఎదురుగా రెండు జతల కాళ్ళు ఆగితే తలెత్తాడు. మళ్ళీ నీళ్ళలోకి చూశాడు, ట్యూబు తిప్పడం మర్చిపోయాడు.

"ఏరా, నక్షత్రం నాకోసమే చేశావా?"

"నీకోసమే అక్కా."

"అబద్ధాలాడకు."

ఆయన తడి ట్యూబు మీద బొటనవేలు రుద్దాడు. "సొల్యూషన్ ఆరేదాకా ఊరికే కూర్చోవాలి కదా. బుర్ర ఎటో పోయింది."

"ఎటు పోయిందో నా కంటికి కనిపిస్తోందిలే. ఆ ముక్క నోటితో చెప్పి చావొచ్చుగా? నేను పని మానుకుని బస్సులు మారి వచ్చాను." ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇప్పుడింక బస్సు లేదు. పడుకోడానికి చోటుందా?"

"మంచం మీ ఇద్దరికీ. నేను కొట్లో పడుకుంటాను."

"నాకు ఈ ఒక్క రాత్రికే," అంది పెద్దమ్మ.

ఆ మాట ఇద్దరికీ అర్థం కావడానికి కాసేపు పట్టింది. ముందు చిట్టెలుకకే అర్థమైంది. చెప్పులు విప్పి, లోపల గోడ పక్కన జతగా పెట్టి, గౌను చేతులు పైకి మడుచుకుని తొట్టి దగ్గర కూర్చుంది.

"ఇలా తే మావయ్యా ట్యూబు," అంది. "నువ్వు బుడగలు చూడట్లేదు."