పదో వంతు తగ్గించి

కుట్టు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా గుడ్డ కత్తిరిస్తున్న ఆవిడను అందరూ కత్తెరమ్మ అనేవారు. దేశమంతటా మనుషుల ఒంటి కొలతలు తీసే సర్వేకు ప్రణాళిక వేయడానికి కమిటీ పెట్టి, కార్మికుల తరఫున ఆవిడను తీసుకున్నారు. ఇకపై పనిబట్టలు, చేతి తొడుగులు, హెల్మెట్లు ఆ కొలతలతోనే తయారవుతాయి. కత్తెరమ్మ ఎంతో సంబరపడింది. రెండేళ్ల క్రితం మిల్లులో మగవాళ్ల సైజు తొడుగు వదులై, రోలరులో చిక్కుకుని, ఆవిడ చెల్లెలికి రెండు వేళ్లు పోయాయి.

మూడో సమావేశంలో లెక్కల నిపుణుడు కాగితాలు పంచాడు. నలభై వేలమంది మగవాళ్లను కొలుస్తారట. ఆడవాళ్ల గురించి ఒక్కటే వాక్యం: మగవారి కొలతలలో పదో వంతు తగ్గించి లెక్కగట్టవలెను.

"ఇదేంటి సార్?" అంది కత్తెరమ్మ.

"ఆడవాళ్లని కొలవాలంటే వేరే గదులు, వేరే సిబ్బంది కావాలి. ఏడాది ఆలస్యమమ్మా," అన్నాడు అధ్యక్షుడు. "ఏముంది, కాస్త చిన్న సైజు. అంతేగా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. కత్తెరమ్మకు ఒళ్లు మండిపోయింది. సంచిలోంచి టేపు తీసి, మూలన కూర్చుని మాటలు రాసుకుంటున్న టైపిస్టు దగ్గరికి వెళ్లింది.

"ఒక్క నిమిషం లేస్తావా తల్లీ?"

తల చుట్టూ, అరచేతి చుట్టూ కొలిచి, అంకెలను తనకు తెలిసిన మగవాళ్ల సైజులో పదో వంతు తగ్గించిన లెక్క పక్కన పెట్టింది.

"మీ హెల్మెట్ ఈ పిల్ల నెత్తికెక్కదు. మీ తొడుగు వదులై చేతికి నిలవదు. చూసుకోండి."

"ప్యాంటు సంగతి నన్నడగండి సార్, తుంటి దాటి ఎక్కదు," అంది టైపిస్టు.

"ఒక్కరిని కొలిస్తే సర్వే అయిపోతుందా?" అన్నాడు నిపుణుడు.

"మీరు ఆ ఒక్కరినైనా కొలిచారా?"

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "రెండో విడతలో చూద్దాం. ముందు సంతకం పెట్టండమ్మా."

"ఈలోగా ఇంకెన్ని వేళ్లు పోవాలి?"

కాగితాలు బల్లమీద విసిరికొట్టి బయటికి వచ్చేసింది. సభ్యులందరూ సంతకం పెట్టాలన్నది నియమం; ఆవిడది లేనిదే ప్రణాళిక ముందుకు కదలదు.

వారం తిరక్కుండా ఫ్యాక్టరీ మేనేజరు ఆవిడను కత్తెర బల్ల దగ్గర్నుంచి తప్పించి కొత్తగా చేరినవాళ్లు బొత్తాలు కుట్టే వరసలో కూర్చోబెట్టాడు. ఎవరు చెప్పి చేయించారో అడగక్కర్లేకపోయింది. పళ్లు బిగించుకుని ఆరు వారాలు బొత్తాలు కుట్టింది. ఏడో వారం ప్రణాళిక మార్చారని కబురొచ్చింది: మగవాళ్లు ఇరవై వేలు, ఆడవాళ్లు ఇరవై వేలు. ప్రతి వాక్యం రెండుసార్లు చదివి సంతకం పెట్టింది.

"గెలిచావుగా అక్కా! ఇప్పుడైనా నవ్వు," అంది చెల్లెలు.

"గెలవడమేంటే! మనకీ ఒళ్లుందని చెప్పుకోవాల్సొచ్చింది," అని కసిరింది కత్తెరమ్మ.