సగం సరిపోయిన రక్తం

బడిపిల్లలు ఆమెను హారనమ్మ అనేవారు. హారను మోగించకుండా ఏ మలుపులోనూ బస్సు తిప్పేది కాదు. ఏళ్ల తరబడి నడిపినా బండికి చిన్న గీత కూడా పడనివ్వని ఆ మనిషి, ఒకరోజు క్లచ్ తొక్కే ఓపిక లేక బస్సును పక్కకు ఆపి స్టీరింగు మీద తల వాల్చేసింది. రక్తక్యాన్సరని తేలింది. మందులకు తగ్గినట్టే తగ్గి, మళ్లీ తిరగబెట్టింది.

మూలకణాలు ఎక్కించడమొక్కటే దారి అంది డాక్టరమ్మ. పూర్తిగా సరిపోయే దాత ఎక్కడా దొరకలేదు. సగం సరిపోయినా చాలు, కానీ అది రక్తసంబంధీకుల్లోనే వెతకాలి. ఉన్నది ఇద్దరే: కూతురు, చెల్లెలు.

ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేసే కూతురికి ఆ మాటతో ఊపిరి వచ్చింది. కన్నబిడ్డ తల్లికి ఎలాగూ సగం సరిపోతుందట. ఫలితం రాకముందే యజమానిని సెలవు అడిగేసింది.

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ, తల్లి ఉన్న గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"మీలో సగం అమ్మది, సరిపోయింది. మిగతా సగం నాన్నగారిది. చిక్కంతా దానితోనే. మీరు కడుపులో ఉన్నప్పుడే దాని మీదికి మీ అమ్మ ఒంట్లో యాంటీబాడీలు పుట్టాయి. ఇప్పుడు మీ కణాలు ఎక్కిస్తే అవి బతకనివ్వవు."

"నేను ఆవిడ కడుపునే పుట్టాను కదండీ."

"అందుకేనమ్మా."

మంచం మీద తల్లి నవ్వింది. "మీ నాన్న పోయి ఇన్నేళ్లయినా మా పోట్లాట తెగలేదన్నమాట."

కూతురు వరండాలోకి వెళ్లి, అరచేత్తో నోరు నొక్కుకుని ఏడ్చింది.

చెల్లెలూ సగం సరిపోయింది. ఆమెతో ఏ చిక్కూ లేదు. కూతురు ఫోన్లో ఆ సంగతి పిన్నికి చెప్పింది. సాయంత్రానికి ఆమే ఆసుపత్రికి వచ్చింది. మూడో నెలట. పెళ్లయిన చాన్నాళ్లకు, రెండుసార్లు పోయాక వచ్చిన కడుపు. గర్భిణి దగ్గర కణాలు తీయరు. కాన్పు దాకా ఆగేంత వ్యవధి లేదు.

"ఆలోచించుకునే వచ్చానక్కా," అంది ఆమె. "కడుపు తీయించేసుకుంటాను."

వద్దు పిన్నీ అనాలని కూతురికి తెలుసు. అనలేదు. తలొంచుకుని నేల చూస్తూ కూర్చుంది.

"నోరు ముయ్యి," అంది తల్లి. "నీ బిడ్డను పోగొట్టి బతికితే నీ మొహం ఎలా చూడమంటావు?"

"నువ్వు పోతే నేనెవరి మొహం చూడను?"

"నీ కడుపులో ఉన్నదాని మొహం చూడు." కూతురి వైపు తిరిగింది. "డాక్టరమ్మను పిలు. నీ కణాలతోనే కానిమ్మను."

యాంటీబాడీలను రక్తంలోంచి తీసి తగ్గించడానికి ప్రయత్నించవచ్చట. తగ్గాక ఎక్కించినా కణాలు కుదురుకుంటాయన్న హామీ లేదు. "అప్పటికి రక్తం తయారుచేసే మీ సొంత ఎముక మజ్జను చంపేసి ఉంటాం. కుదురుకోకపోతే చేతిలో పెద్దగా ఏమీ ఉండదు," అంది డాక్టరమ్మ. తల్లి సంతకం పెట్టేసింది.

మెడలో గొట్టం వేసి రక్తాన్ని యంత్రంలో తిప్పారు. మొదటిసారి ఏమీ మారలేదు. పట్టు విడవకుండా తిప్పగా తిప్పగా యాంటీబాడీల లెక్క మెల్లగా దిగింది. అప్పుడు కూతురి రెండు చేతులకూ సూదులు గుచ్చి కణాలు తీశారు. చూస్తే చిన్న సంచీడు.

తల్లి మజ్జను మందులతో చంపి, ఆ కణాలు ఎక్కించాక ఆమెకు జ్వరం. నోరంతా పుళ్లు. తెల్లకణాలు సున్నా దగ్గరే ఆగిపోయాయి. కూతురు గాజు తలుపు ఇవతల నిలబడి, తన రక్తమే అమ్మను చంపుతోందేమోనని కుమిలిపోయింది. పిన్ని ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. ఇంకా పుట్టని బిడ్డ మీద కోపం వచ్చేది. అంతలోనే తన మీద తనకే అసహ్యం వేసేది.

కణాలు కుదురుకోవడానికి డాక్టరమ్మ చెప్పిన గడువు దాటిపోయింది. ఇక ఆశ వదిలేసుకున్నాక, ఒక పొద్దున నర్సు మాస్కు కిందికి లాగి చెప్పింది, "లెక్క పెరుగుతోంది. పరీక్ష చేశారు, అవి నీ కణాలే."

తల్లికి జ్వరం ఇంకా వదల్లేదు. అయినా కూతురు పిన్నికి ఫోన్ కలిపింది. "పిన్నీ, అమ్మ..." అంటూనే ఏడ్చేసింది. ఆ ఏడుపును మరోలా అర్థం చేసుకుని పిన్ని అవతల బావురుమంది.

"కాదు పిన్నీ, కాదు. కుదురుకున్నాయి. నువ్వు ముందు కూర్చో. ఎక్కడున్నావు? కూర్చున్నావా?"