కూర్చునే అలవాటు

"ఆ మిక్సీ ఇప్పుడు వేయకమ్మాయ్, పిల్లాడు చదువుకుంటున్నాడు," అన్నారు అత్తగారు, మరిది గది వైపు చూస్తూ గొంతు తగ్గించి. నేను ప్లగ్గు తీసేసి, వంటగట్టు మీద గోడకి ఆనించి నిలబెట్టుకున్న నా పుస్తకం కేసి చూశాను. నీళ్లు చింది గుండె బొమ్మ ఉన్న పేజీ ఉబ్బిపోయింది. ఆ గదిలో మరిది చదువుతున్న పుస్తకమూ ఇదే. మేమిద్దరం రాయబోయే మెడికల్ ఎంట్రన్సూ ఒక్కటే. కానీ ఈ ఇంట్లో అతను పుస్తకం ముందు కూర్చుంటే చదువుకుంటున్నట్టు, నేను కూర్చుంటే ఖాళీగా ఉన్నట్టు.

నన్నెవరూ చదవొద్దనలేదు. ఆ మాట ఒప్పుకోకపోతే కళ్లు పోతాయి. పెళ్లికి ముందు కొద్దిలో తప్పిపోయిన సీటు ఇది. "చదువుకోనీండి, మనకేం పోయింది?" అని మామగారే అన్నారు. మా ఆయన కోచింగ్‌లో చేర్పించారు. చేర్పించి, "ఈసారి కూడా రాకపోతే ఇంక ఆ పుస్తకాలు అటకెక్కించేద్దాం, సరేనా?" అన్నారు నవ్వుతూ. ఆయన నవ్వుతూ అన్న మాటకి తిరుగుండదని ఇన్నేళ్ల కాపురంలో నాకు తెలిసొచ్చింది. అంటే నాకిదే ఆఖరు.

కోచింగ్‌లో బయాలజీ మాస్టారు పాఠం కన్నా అలవాట్ల గురించే ఎక్కువ చెబుతారు. కష్టమైన చాప్టరు పొద్దున్నే పట్టండి, బుర్ర తేటగా ఉంటుంది అంటారు. నా బుర్ర తేటగా ఉండే వేళ ఎవరి బాక్సులో ఉప్పు తగ్గించాలి, ఎవరి చొక్కాకి గుండీ ఊడింది అనే ఆలోచనలకే సరిపోతుంది. చదివింది పుస్తకం మూసేసి గుర్తు చేసుకోండి అంటారు. అదొక్కటి నాకు బాగా అబ్బింది. కిడ్నీ ఎలా పనిచేస్తుందో మొత్తం నేను సింకు దగ్గరే నేర్చుకున్నాను, చేతులకి సబ్బు ఉంటే పుస్తకం ఎలాగూ తెరవలేను కదా. కంటినిండా నిద్రపోండి అన్నప్పుడు మాత్రం నవ్వొచ్చింది. ముందు బెంచీ పిల్ల వెనక్కి తిరిగి చూసింది.

పోయిన ఆదివారం కోచింగ్‌లో నమూనా పరీక్ష పెట్టారు. అసలు పరీక్షలాగే మూడు గంటలు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. బయాలజీ అయిపోయింది, ఫిజిక్స్‌లో చెయ్యి బాగానే సాగుతోంది. ఎన్నాళ్లకో నా తల నాదిగా అనిపించింది. అంతలో హాలు వెనకింట్లో కుక్కర్ కూత వేసింది. నేను పట్టించుకోలేదు. ఇంకోటి వేసింది. మూడోది వినపడగానే కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎవరా అని చూడబోతే అది నా కుర్చీయే. నేను నిలబడి ఉన్నాను.

"ఏమ్మా, అయిపోయిందా?" అన్నారు మాస్టారు.

"లేదండీ."

"మరెందుకు లేచావు?"

ఏం చెప్పను? స్టవ్ కట్టెయ్యడానికి లేచానండీ అని చెప్పనా? పిల్లలు కిసుక్కున నవ్వారు. కూర్చున్నాను గానీ చెవులు ఇంకా ఆ గోడ వెనకే ఉన్నాయి. కెమిస్ట్రీ ముట్టుకోకుండానే బెల్లు కొట్టారు. పేపర్లు దిద్ది ఇచ్చేటప్పుడు మాస్టారు నాది చేతిలో పట్టుకుని కాసేపు చూశారు. "రాసినంతవరకు ఒక్కటీ తప్పు పోలేదమ్మా. నీకు రాకపోవడం కాదు, నువ్వు కూర్చోలేకపోతున్నావు. ఇంట్లో మూడు గంటలు లేవకుండా పేపరు రాసి చూడు, ఒక్కసారైనా," అన్నారు.

ఆ సంగతి మా ఆయనకి చెప్పడం నా బుద్ధితక్కువ. భోజనాల దగ్గర అందరికీ వినిపించారు. "మీ వదిన పరీక్ష మధ్యలో కుక్కర్ కట్టెయ్యడానికి లేచిందటరా!" మరిదికి పొలమారింది. "గరిటె పట్టుకెళ్లావా వదినా?" అన్నాడు. అత్తగారు కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, అందరికీ మారు వడ్డించాను. వాళ్లంతా కూర్చునే ఉన్నారు, నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను. ఒళ్లు మండిపోయింది.

ఈ ఆదివారం అందరి భోజనాలూ అయ్యాక చెప్పాను, రెండు నుంచి ఐదు దాకా పేపరు రాస్తానని, లేవనని.

"రాసుకో తల్లీ, ఎవరొద్దన్నారు?" అన్నారు అత్తగారు.

నాకంటూ గది లేదు. వంటింటి మూల చిన్న బల్ల వేసుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాను. బయాలజీలో ఉండగా మామగారి కళ్లజోడు కనపడలేదు. "అమ్మాయ్!" కాళ్లు వాటంతటవే కదిలాయి. ఎడమ చేత్తో కుర్చీ అంచు పట్టుకున్నాను. కళ్లజోడు దొరికినట్టుంది, గొడవ ఆగింది. ఫిజిక్స్‌లో ఉండగా మా ఆయన ఫోను చార్జర్ అడిగారు. తర్వాత అత్తగారు వచ్చి పాలు స్టవ్ మీద పెట్టి, "కాస్త చూస్తుండు," అని టీవీ ముందుకి వెళ్లిపోయారు.

పాలు నా వీపు వెనకే ఉన్నాయి. ముందు చిన్నగా గుసగుసలాడాయి, తర్వాత బుసబుసమన్నాయి. నాకు కెమిస్ట్రీ ఇంకా సగం ఉంది. పొంగి స్టవ్ మీద పడి చుయ్యిమంది. ఒళ్లంతా లేవమంటోంది, లేవకుండా ఆపుకుంటుంటే మోకాళ్లు నొప్పెడుతున్నాయి. మాడు వాసన మొదలైంది. పక్క గదిలో ముగ్గురున్నారు, ముగ్గురికీ వాసన తెలుస్తోంది, ముగ్గురూ నేను లేస్తానని చూస్తున్నారు. "అమ్మాయ్, పాలు!" అన్నారు అత్తగారు, కూర్చున్నచోటు నుంచే. మరిది తలుపు తీసి, "ఈ వాసనకి చదవలేకపోతున్నానమ్మా," అని మళ్లీ వేసుకున్నాడు. నాకు కన్నీళ్లు వచ్చి పేపరు మీద పడ్డాయి. తుడుచుకుంటూ రాస్తున్నాను.

చివరికి మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. గిన్నెలోంచి పొగ వస్తోంది. స్టవ్ ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది.

"ఇంతసేపట్నుంచీ అమ్మ అరుస్తోంది. నీకు వినపడటం లేదా?"

"వినపడుతోందండీ," అన్నాను, కూర్చునే.