మేనేజరు పొట్ట మీద బొచ్చు

వెంట్రుకను రెండు వేళ్ల మధ్య నలిపి, ఏది కుదురో ఏది కొనో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి ఆ విగ్గుల దుకాణంలో ఒక్కతే ఉంది. ఆవిడను వీధిలో అందరూ విగ్గుల వదిన అంటారు. పద్దెనిమిదేళ్లుగా అదే పని. కుదుళ్లన్నీ ఒకవైపు, కొనలన్నీ ఒకవైపు ఉండేలా జుట్టును పేర్చకపోతే విగ్గు నాలుగు రోజుల్లో చిక్కుపడి పీచవుతుంది. రాలిన వెంట్రుకకు చివర తెల్లటి చిన్న ఉండ ఉంటుంది, కత్తెరతో కోసినదానికి ఉండదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం పని వచ్చినట్టేనని కొత్తగా చేరినవాళ్లకు చెబుతుంటుంది. తన పరువు తీయబోయేది కూడా ఆ ముక్కేనని అప్పటికి ఆవిడకు తెలియదు.

ఆవిడకో పిల్లి ఉంది. ఒళ్లంతా బూడిదరంగు, పొట్ట మాత్రం తెలుపు. ఏ పనీ చేయకుండా అందరి పనీ చూస్తూ కూర్చుంటుంది కాబట్టి దానికి మేనేజరు అని పేరు పడింది. ఆరేళ్లపాటు మేనేజరుగారికి ఒకటే కుర్చీ, విగ్గుల వదిన ఒడి. ఆవిడ ఇంటికి తెచ్చుకున్న విగ్గు వల మీద కొక్కెం సూదితో ఒక్కో వెంట్రుకే ముడి వేస్తుంటే అది ఒళ్లో పడుకుని గుర్రుమనేది. మొగుడు లిఫ్టులు బాగుచేసే మనిషి. నా మాట లిఫ్టులన్నా వింటాయి గానీ ఈ పిల్లి వినదని ఆయన విసుక్కుంటే ఆవిడకు లోలోపల ఎంత సంబరమో.

మూడు నెలల కిందట ఆడపడుచు వచ్చి ఇంట్లో దిగింది. ఇంట్లో అందరికీ ఆ పిల్ల చిన్నది. నాలుగు వీధుల అవతల బేకరీలో పని దొరికింది. తెల్లారకముందే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చి, వెనిల్లా వాసనతో అలాగే మంచం మీద వాలిపోతుంది. ఆ వేళకు ఇంట్లో ఉండేది పిల్లి ఒక్కటే. మొదటి వారం అది మంచం కింద పడుకుంది, రెండో వారం మంచం మీదకెక్కింది, మూడో వారానికి ఏకంగా చిన్నదాని చంకలో తల దూర్చింది. సాయంత్రం విగ్గుల వదిన వచ్చి ఒడి పరిస్తే మేనేజరు ఒకసారి చూసి, ఒళ్లు విరుచుకుని, మళ్లీ ఆ గదిలోకే నడిచేది.

ఆవిడకు కడుపు మండిపోయింది. మొగుడు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడినప్పుడు కూడా ఆవిడ ఇంతగా ఉడుక్కోలేదు. ఆరేళ్లు చేపముల్లు తీసి పెట్టిన చెయ్యి నాది, నిన్నగాక మొన్న వచ్చినదాని చంక దీనికి మెత్తగా ఉందా అని పళ్లు నూరుకుంది. పైకి అనలేదు. అనడానికి బదులు రోజూ ఇంట్లోకి రాగానే పిల్లిని చంకనేసుకుని స్నానాల గదిలోకి తీసుకుపోయేది. దుకాణంలో జుట్టు కడిగే షాంపూ చుక్క నీళ్లలో కలిపి, గుడ్డ ముంచి పిండి, మెడ నుంచి పొట్ట దాకా వెనిల్లా వాసన పోయేదాకా తుడిచేది. తన పిల్లి తన వాసనే వేయాలి. అది గింజుకుంటే, శుభ్రం చేస్తుంటే ఈ వగలేమిటని ముద్దుగా కసిరేది.

అలా నెల గడిచేసరికి తెల్లటి పొట్ట మీద అరచేతి వెడల్పున గులాబీరంగు చర్మం బయటపడింది. తర్వాత తొడల లోపలి వైపు కూడా. విగ్గుల వదిన తల కొలిచే టేపు తెచ్చి కొలిచింది. వారానికి వేలెడు పెరుగుతోంది. ఒక సెలవు రోజున చిన్నదాని దుప్పటి దులుపుతుంటే బొచ్చు కుచ్చులు కుచ్చులుగా రాలింది. అలవాటు కొద్దీ ఒక వెంట్రుక తీసి వేళ్ల మధ్య నలిపింది. ఉండ లేదు. ఇంకోటి తీసింది. దానికీ లేదు. గుప్పెడు బొచ్చులో పట్టుమని పదింటికి కూడా కుదురు లేదు.

రాలలేదు, కోశారు. గదిలో గూట్లోకి చూస్తే కేకుల కింద వేసే కాగితం కత్తిరించే కత్తెర కనబడనే కనబడింది. ఇక ఆవిడకు సాక్షులతో పనిలేకపోయింది.

భోజనాల బల్ల మీద తెల్లకాగితం పరిచి, దాని మీద ఆ బొచ్చు పోసింది. మొగుడు ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు.

"నా పిల్లిని నువ్వే కత్తిరిస్తున్నావు" అంది విగ్గుల వదిన.

చిన్నది కాగితం మీదికి వంగి బొచ్చు చూసింది. "నేనెందుకు కత్తిరిస్తాను వదినా?"

"నా కంటికది అసహ్యంగా కనబడాలని. అప్పుడు పూర్తిగా నీదైపోతుందని."

ఈర్ష్య పట్టిన బుర్రకు ఇలాంటి లెక్కలు భలే కుదురుతాయి. తను ఆ పిల్ల స్థానంలో ఉంటే సరిగ్గా అదే చేసి ఉండేదేమో కూడా. చిన్నది ఏడవలేదు, వాదించలేదు. ఆదివారం హాస్టలుకు మారిపోతానని చెప్పి కంచం తీసింది. మొగుడు చేతిలో ముద్దను కంచంలో పెట్టేశాడు. ఆదివారం లోపల పిల్లిని డాక్టరుకు చూపించు, ఆ తర్వాత ఎవరు ఎక్కడికి పోవాలో చూద్దామన్నాడు. ఆయన గొంతు ఎప్పటిలా లేదు. చెల్లెలు గడప దాటితే ఈ మనిషి తనతో మునుపటిలా ఉండడని ఆవిడకు తెలిసింది. అయినా లోపల ఒక మూల, ఆదివారం నుంచి ఒడి మళ్లీ నిండుతుందన్న ఆశ గంతులేస్తూనే ఉంది.

శుక్రవారం సాయంత్రం డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్లాల్సొచ్చింది. మేనేజరు బుట్టలోకి చిన్నది పిలిస్తేనే ఎక్కింది మరి. దారి పొడుగునా విగ్గుల వదిన ముఖం మాడ్చుకునే నడిచింది.

డాక్టరమ్మ సన్నపళ్ల దువ్వెనతో వీపంతా దువ్వి పేలూ గోమార్లూ లేవని చూసింది. చర్మం గీరి గాజుపలక మీద వేసింది. పొట్ట దగ్గర నొప్పి ఉన్నా పిల్లులు అక్కడే నాకుతాయని మూత్రం కూడా పరీక్ష చేయించింది. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు విగ్గుల వదిన పర్సులోంచి పొట్లం తీసి, కుదుళ్లు లేని ఆ బొచ్చును బల్ల మీద పెట్టి, దీన్నెవరో కోశారని చెప్పమంది. డాక్టరమ్మ ఒక వెంట్రుకను మైక్రోస్కోపు కింద పెట్టి పక్కకు జరిగింది.

"జుట్టు పని మీది. మీరే చూసి చెప్పండి."

విగ్గుల వదిన కన్ను ఆనించింది. కత్తెర పడిన కొన ఎలా ఉంటుందో ఆవిడకు నిద్రలో అడిగినా తెలుసు. బల్లపరుపుగా, తెగిన పుల్లలా ఉంటుంది. ఇది అలా లేదు. పాత టూత్‌బ్రష్షులా చీలికలు చీలికలుగా పిగిలి ఉంది. ఇంకోటి చూసింది. అదీ అంతే. ఇంట్లో దీపం కింద పెట్టుకుని ఒక్క నిమిషం నిదానంగా చూసి ఉంటే ఆ మాత్రం తనకే కనబడేది. కుదురు లేదని చూసి ఆగిపోయింది. కొన చూడలేదు. దుకాణంలో కొత్తవాళ్లు అలా చేస్తే చేతిలో పని లాక్కునేది.

"కోసింది కాదు" అంది చివరికి.

పిల్లి నాలుక ఆకురాయి లాంటిదని, గంటల తరబడి నాకితే బొచ్చు రాలదు, మధ్యకు తెగుతుందని డాక్టరమ్మ చెప్పింది. దిగులు పట్టినా, ఒంటికి ఏదైనా అంటుకుని పోకపోయినా అలాగే నాకుతుందట. ఇలాగే సాగితే పుండ్లు పడతాయి, అవి మానడం కష్టం. ఇంట్లో కొత్తగా ఏం మారింది, దాని ఒంటికి ఎవరైనా ఏమైనా రాస్తున్నారా అని అడిగింది.

విగ్గుల వదిన చిన్నదాని వైపు చూసింది. చిన్నది నేల చూసింది. ఆ నేలచూపులోనే ఆవిడకు అంతా తెలిసిపోయింది.

"నేనే. రోజూ షాంపూ నీళ్లతో తుడుస్తాను" అంది. తర్వాత చిన్నదాన్ని అడిగింది. "నీకు తెలుసా?"

"తుడిచాక నా మంచం కిందకొచ్చి నాకడం మొదలుపెడుతుంది వదినా. పట్టుకున్నా ఆగదు. నీకు చెబుదామనుకున్నాను. దాన్ని తుడిచేటప్పుడే కదా అది నీ చేతుల్లో ఉండేది. అదీ పోతే బాధపడతావని ఊరుకున్నాను."

విగ్గుల వదినకు తల కొట్టేసినట్టయింది. తన కడుపుమంట ఎవరికీ కనబడలేదనుకుంది. ఆ పిల్ల మొదటి నుంచీ చూస్తూనే ఉంది, చూసి జాలి పడింది. కోపమే నయం, ఈ జాలిని ఎక్కడ దాచుకోవాలో ఆవిడకు తెలియలేదు.

ఆదివారం చిన్నదాని సంచి గుమ్మం దగ్గరికొచ్చింది. మొగుడు లిఫ్టు ఏదో ఆగిపోయిందని చెప్పి పొద్దున్నే బయటికి పోయాడు. విగ్గుల వదిన కుర్చీలో కూర్చుని ముళ్లు వేస్తోంది, మూడు తప్పు పడ్డాయి. మేనేజరు గదిలోంచి వచ్చి, ఏమనుకుందో, ఆవిడ ఒళ్లోకి ఎక్కింది. ఒళ్లంతా వెనిల్లా. ఆవిడ చెయ్యి దానంతటదే స్నానాల గది వైపు లేచింది, మళ్లీ దిగింది. పిల్లి ఆ చెయ్యి వాసన చూసి, తుమ్మి, కిందకు దూకి, వెళ్లి సంచి మీద కూర్చుంది.

"అది లేచేదాకా సంచి కదపకు" అంది విగ్గుల వదిన.

"అది సాయంత్రం దాకా లేవదు వదినా."

"లేవకపోతే ఉండు. రేపూ ఉండు. తప్పు నాది, కత్తెరది కాదు." ఇంకో ముడి వేసి, అదీ తప్పు పడ్డాక అంది, "నువ్వు ఉంటే అది నీ దగ్గరికే పోతుంది. పోనీ. నాకు మండుతుంది, మండనీ."

చిన్నది నవ్వాలో వద్దో తెలియక చెప్పులు విప్పింది.

నిజంగానే మండింది. నెలంతా మండుతూనే ఉంది. రోజూ సాయంత్రం పిల్లి ఆ గదిలోకి పోతుంటే చూసి, చేతులు కట్టుకుని కూర్చుంది, తుడుపుగుడ్డ మాత్రం ముట్టలేదు. ముప్ఫై మూడో రోజున చిన్నది గదిలోంచి పిలిచింది. మేనేజరు ఆ పిల్ల ఒళ్లో వెల్లకిలా పడుకుని ఉంది. పొట్ట మీద నూగు. విగ్గుల వదిన మోకాళ్ల మీద కూర్చుని, భూతద్దం పెట్టి చూసింది. కొన సన్నగా, సూదిలా ఉంది. కత్తెర గానీ నాలుక గానీ తగలని వెంట్రుకకే అలాంటి కొన ఉంటుంది.

ఇంకా దగ్గరికి వంగాలంటే చిన్నదాని మోకాలి మీద చెయ్యి వేయాలి. వేసింది. పిల్లి ఎక్కడ లేచిపోతుందోనని ఇద్దరూ కదలకుండా అలాగే ఉండిపోయారు.