కొండ వైపు మూడు మునకలు

నేను సంచి సర్దుతుంటే మా కోడలు భానుప్రియ నవ్వింది.

"అత్తా, మనం పోతాండేది రిసార్టుకు. ఈ సెంబూ, తిరుమణీ, కర్పూరమూ ఎందుకు? ఆడ అన్నీ వాళ్ళే ఇస్తారు."

"నామం పెట్టుకునేకి తిరుమణి ఇస్తారా?"

ఇత్తడి చెంబులో తిరుమణి గడ్డ, శ్రీచూర్ణం పొట్లం పెట్టి, మూతికి గుడ్డ కట్టి, మా ఆయన పంచెల మధ్యలోకి దించాను. మూడు పంచెలు, రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, బీపీ మాత్రలు. మూడు రోజులకు అంతకంటే ఏం కావాలి?

మా అబ్బాయి రూపేష్ గూడూరు దాటాక సముద్రం ఒడ్డున రెండు గదులు తీసుకున్నాడు. శని, ఆది, ఆపైన సోమవారం గాంధీ జయంతి. వాడి కూతురు మహితకు ఎనిమిదేళ్ళు. వారం నుంచి దాని నోట సముద్రం తప్ప ఇంకో మాట లేదు. మా ఆయన యోగానందకు డెబ్బై రెండు. కార్వేటినగరం దగ్గర మామిడి తోట, తిరుపతిలో ఇల్లు, ఏడాదికోసారి అలిపిరి మెట్లు, అదే ఆయన లోకం. సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు.

నా దిగులు వేరే. అది పెరటాసి, అరవ లెక్కలో గోవిందుడి నెల. ఆ నెలలో శనివారం తలస్నానం చేసి, నామం పెట్టుకుని, కొండ వైపు తిరిగి గోవిందా అని మొక్కనిదే మా ఇంట్లో ఎవరూ పచ్చి మంచినీళ్ళు ముట్టరు. ఇది నా మొక్కు. నాకు ఐదేళ్ళప్పుడు మా నాయన అభ్రకం గనిలో పనికని సంచి భుజాన వేసుకుని పోయి మళ్ళీ రాలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళకు, జ్వరంతో కళ్ళు తెరవని రూపేష్‌ను మద్రాసు ఆసుపత్రికి తీసుకుపోతుంటే, వీడు తిరిగొస్తే బతికున్నన్నాళ్ళూ పెరటాసి శనివారం తప్పను, ఇంట్లో ఎవరినీ తప్పనివ్వను అని మొక్కుకున్నాను. వాడు తిరిగొచ్చాడు. ఆ మొక్కు తప్పితే మళ్ళీ ఎవరో ఒకరు ఇల్లు చేరరని నా భయం.

"ఈ ఒక్క వారం మానుకుంటే స్వామేమన్నా కేసు పెడతాడా మా?" అన్నాడు రూపేష్ కారెక్కుతూ.

"నువ్వు బతికి కారు తోల్తా ఉండేదే ఆ మొక్కు వల్ల. నోరు మూసుకోని తోలు."

శుక్రవారం సాయంత్రానికి చేరాం. మా ఆయన చెప్పులు విడిచి ఇసుకలో నిలబడి పొద్దుగుంకేదాకా అలల్నే చూశాడు.

"ఏమ్మే, ఇది ఎప్పుడూ ఆగదా?" అన్నాడు చివరికి.

శనివారం పొద్దున్నే, గదిలో కుళాయి ఉన్నా, ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు. "ఎదురుగా ఇంత నీళ్ళు పెట్టుకోని ఆ కుళాయి కింద కూర్చుంటానా?" అన్నాడు. సముద్రస్నానం పుణ్యమే కదా అని నేనూ సరేనన్నాను.

ఒడ్డున ఒక బోర్డు ఉంది. నేను బడికి పోలేదు, బస్సుల మీది పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకేనేమో, కనబడింది చదవకుండా దాటిపోలేను. పైకే చదివాను. "మోకాలి లోతు దాటరాదు. అలల వైపు వీపు పెట్టి నిలబడరాదు."

అక్కడ కాపలా ఉన్న జాలరి మునస్వామి కూడా అదే చెప్పాడు. "పెద్దాయనా, ఈ నెల్లో అల దొంగ మాదిరి వస్తాది. నీ మొగం దాని పక్కే ఉండాల."

మా ఆయన మోకాలి లోతులో, సముద్రం వైపు తిరిగి చేతులు జోడించాడు. నేను మహిత చెయ్యి గట్టిగా పట్టుకుని ఒడ్డునే నిలబడ్డాను. అది నొప్పి అని గింజుకుంటున్నా వదల్లేదు. సముద్రం తూర్పున ఉంది. మా కొండ పడమట, నా వెనక.

"ఇదో, అట్లా కాదు! ఇట్లా తిరుగు. కొండ ఈ పక్క ఉండాది," అని అరిచాను.

"ఆ బోర్డు సదివింది నువ్వే కదమ్మే?"

"బోర్డు రాసినోడికి పెరటాసి తెలుసునా? మూడు మునకలే కదా. కొండకు వీపు పెట్టి గోవిందా అంటారా యాడన్నా?"

"అమ్మా, కొండ యాడికీ పోదు. అల వస్తాది," అన్నాడు మునస్వామి.

"మా ఇంటి మొక్కు నీకు తెలీదు, నువ్వూరుకో నాయనా."

రూపేష్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు. "తిరుగు నాయనా, ఫోటోలో మొగమన్నా పడతాది."

ఆయన తిరిగాడు.

మొదటి మునక వేసి లేచాడు. గోవిందా అన్నాం. మహిత అందరికంటే గట్టిగా అంది. రెండో మునకకు నోట్లోకి నీళ్ళు పోయాయి. తుపుక్కున ఉమ్మి, "ఉప్పుమే!" అని నన్ను చూసి నవ్వాడు. పొద్దుటి నుంచి ఆయన నోట్లో పడిన మొదటి నీళ్ళు అవే.

మూడో మునకకు వంగినప్పుడు ఆయన వెనక అల లేవడం నాకు కనబడింది. అరవడానికి వ్యవధి ఉంది. నేను అరిచింది గోవిందా అని.

నీళ్ళు వెనక్కి పోయాక ఆయన నిలబడిన చోట ఎవరూ లేరు. మునస్వామి దూకాడు. రూపేష్ ఫోను ఇసుకలో పడేసి పరుగెత్తబోతే భానుప్రియ వాడి చొక్కా పట్టుకుని లాగింది. మహిత చెయ్యి వదిలి నేను కూడా వాడినే పట్టుకున్నాను.

జాలర్లు పడవల మీద నాలుగు రోజులు వెతికారు. తువ్వాలు ఒక్కటే దొరికింది.

మంగళవారం సాయంత్రం మేం నలుగురం తిరుపతికి వచ్చాం. సంచి విప్పితే పంచెలు రెండు, నేను పెట్టిన మడతలోనే ఉన్నాయి. చెంబు మూతికి కట్టిన గుడ్డ కూడా ఊడలేదు. ఆ వచ్చిన శనివారం రూపేష్ లేచీ లేవగానే కాఫీ తాగాడు. ఆ గ్లాసు నేనే కడిగి పెట్టాను.

నా భర్త యోగానంద 2023 సెప్టెంబరు 30న, పెరటాసి రెండో శనివారం, ఉదయం ఏడు గంటలకు సముద్రంలోకి దిగాడు. తిరిగి రాలేదు.